పులిజూదములో ధర్మసందేహము

నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై, హైదరాబాదునకు ఆగ్నేయమున, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నమున్నది. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను ఆ పేరు తలపించును. తెలుగు కవులు మల్కిభరాముడని ఆదరముతో పిలుచుకొన్న సుల్తాను ఆయనయే. ఆయన కాలపు కవియైన కందుకూరి రుద్రకవి తన నిరంకుశోపాఖ్యానమున, సాక్షాత్తు శివునితోనే జూదమాడి రంభను గెలుచుకొన్న వానిని కథానాయకునిగా నిలిపినాడు. కావున ఆటలోని న్యాయాన్యాయములను గూర్చి విచారించుటకు ఇబ్రహీంపట్నము తగని చోటు కాదు.

అచ్చటి బడులలోనే కాదు, ఆ చుట్టుపట్ల ఏ పల్లె బడిలోనైనను మధ్యాహ్న భోజనమైన తరువాత ఇట్టి దృశ్యము కంటబడవచ్చును. వసారా గచ్చుపై సుద్దముక్కతో పులిజూదపు పటము గీసియున్నది. పై కొన నుండి గీతలు విసనకర్రవలె దిగువకు విచ్చుకొనును. అడ్డుగీతలు వాటిని ఖండించును. గీతలు కలియు స్థానములు 23. మూడు గులకరాళ్లు పులులు. పదిహేను చింతగింజలు మేకలు. పులి తన ప్రక్కనున్న మేకను తిన్నగా దాటి ఆవలి ఖాళీ స్థానమున దిగినచో మేక చచ్చినట్లు. మూడు పులులును ఎటును కదలలేకుండ మేకలు చుట్టుముట్టినచో పులులు ఓడినట్లు.

మేకలవాడు పదకొండు గింజలను పటముపై పెట్టినాడు. నాలుగింకను చేతిలోనే యున్నవి. పెట్టిన వానిలో ఒకటి పులివాత పడనున్నది. వాడు క్రొత్త గింజ పెట్టుటకు మారుగా, ఆపదలోనున్న మేకను ప్రక్క స్థానమునకు జరిపినాడు. ఎదుటి బాలిక వాని చేయి పట్టుకొన్నది.

“అట్లెట్ల నడుస్తది? మేకలు పెట్టినంక నడపాలె!”

“పెట్టిన గద! నేను పెట్టిన మేకనే నడిపిన.”

“పెట్టినంక అంటే పదిహేనూ పెట్టినంక. ఒక్కటి పెట్టినంక కాదు.”

“అట్లని ఎవరన్నరు?”

రెండు నిమిషములలో చుట్టును గుంపు చేరినది. సగము మంది పులుల పక్షము. సగము మంది మేకల పక్షము. అంతలో ఉపాధ్యాయుడు ఆ త్రోవను వచ్చినాడు. “సారూ, మీరే చెప్పుండ్రి” అని పిల్లలు ఆయనను పట్టుకొన్నారు.

ఆయన ఏమి చెప్పవలెను? వినుటకు ఈ ప్రశ్న స్వల్పము. లోకమున దీనికి రెండు సమాధానములు వాడుకలో నున్నవి. “ఆటేగద, మీరే చూసుకోండ్రి” అని వెళ్లిపోవుట మొదటిది. “చాలు, లేచి పుస్తకాలు తీయుండ్రి” అని పటమును తుడిపించుట రెండవది. ఒకటి ఉదాసీనత, రెండవది అధికారము. తీర్పు మాత్రము రెంటిలోను లేదు. తీర్పు కొరకు వచ్చిన పిల్లలు ఈ రెంటి వలనను నేర్చుకొను పాఠమొక్కటే: మాట యొక్క అర్థమును తేల్చునది బుద్ధి కాదు, బలము, గట్టిగా అరచినవానిదో, పెత్తనమున్నవానిదో పైచేయి. ఆ పాఠము ఆటతో ముగియదు. అందుచేతనే ఈ చిన్న తగవు విచారణకు తగియున్నది.

ముందుగా పిల్లలిద్దరును తెలివితక్కువవారు కారని గుర్తింపవలెను. ఇద్దరును ఒకే సూత్రమును ప్రమాణముగా చూపుచున్నారు. ‘మేకలు పెట్టినంక నడపాలె’ అను వాక్యము నిజముగా రెండర్థముల నిచ్చును. “పిల్లలు అన్నము తినిన తరువాత చేయి కడుగుకొనవలెను” అనినచో, ఎవరి భోజనము ముగిసినంతనే వారు కడుగుకొనవచ్చును. చివరివాని కొరకు కాచుకొననక్కర లేదు. “పెండ్లివారు భోజనము చేసిన తరువాత బండి కదలవలెను” అనినచో, అందరును తినువరకు బండి కదలదు. వాక్య నిర్మాణము ఒక్కటే, బహువచనము ఒక్కటే, ‘తరువాత’ ఒక్కటే. మొదటిదానిలో బహువచనము విడివిడిగా ఒక్కొక్కరిని చెప్పుచున్నది. రెండవదానిలో అందరిని మూటగట్టి చెప్పుచున్నది. బాలుడు మేకలను విడదీసినాడు, బాలిక మూటగట్టినది. తెలుగు వ్యాకరణమును ఎంత గాలించినను ఈ తగవును వ్యాకరణ మొక్కటే తీర్చలేదు.

నోటిమాటగా వచ్చిన పల్లె ఆట గనుక ఇట్టి చిక్కు కలిగినదనియు, గ్రంథములకెక్కిన ఆటలలో ఇట్టిది యుండదనియు కొందరనుకొనవచ్చును. చదరంగపు చరిత్ర అందుకు భిన్నముగా నున్నది. అందు ఏనుగు నడకనే చూడుడు. పారశీకులు, అరబ్బులు ఈ ఆటను మన దేశము నుండి గ్రహించి ఆడినపుడు వారి ఏనుగు మూలగా రెండవ గడికి దుమికెడిది. 11వ శతాబ్దపు తొలి భాగమున మన దేశమును గూర్చి వ్రాసిన అల్ బిరూనీ మరియొక నడకను చెప్పినాడు: ముందునకు ఒక గడి, నాలుగు మూలలకు ఒక్కొక్క గడి. ఆ అయిదు గడులును ఏనుగు తొండమునకును నాలుగు కాళ్లకును గుర్తులని ఆయన విన్నాడు. బర్మాలోని పాత చదరంగమున ఏనుగునకు నేటికిని ఇదే నడక. ఇక తెలుగువారి పలకపై ఏనుగు మూల గడిలో నిలిచి, అడ్డముగాను నిలువుగాను ఎంతదూరమైనను తిన్నగా పోవును. ఒకే జంతువు, మూడు నడకలు.

పేర్ల సంగతి ఇంకను చిత్రము. హిందీవారికి మూలగా పోవు పావు ఒంటె, బంగాళీలకు అదే గజము, తెలుగువారికి శకటు. శకటమనగా బండి. మూలగా ప్రక్కకు జారు బండిని ఏ రైతును ఎరుగడు. అయినను మన ఆటలో శకటు మూలగానే పోవును. “బండి తిన్నగా పోవలెను గదా” అని వాదించినవానిని చూచి చిన్నపిల్లలును నవ్వుదురు. పేరును బట్టి నడకను నిర్ణయింపరాదని ఆట నేర్చిన పిల్లలకు ఎవరును చెప్పకనే తెలియును. ఈ విషయమును గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పనియున్నది.

నియమములను అచ్చువేసిన తరువాతనైనను సందేహములు తీరినవా? తీరలేదు. బంటు చివరి వరుసను చేరినచో మంత్రి కావచ్చునని అందరికిని తెలిసినదే. అట్లు చేరిన బంటు బంటుగానే యుండిపోవుటకును 1862లో బ్రిటిష్ చెస్ అసోసియేషన్ వారి నియమావళి అనుమతించినది! చివరి వరుసలో నిలిచి ముందునకు పోవు గడియే లేని బంటు ఎవరికి ప్రయోజనమని వాదములు చెలరేగినవి. ‘ఏ పావుగానైనను మారవచ్చును’ అను మాటను పట్టుకొని, తెల్లబంటును నల్లగుర్రముగా మార్చి ఎదుటి రాజును కట్టివేయు చమత్కార సమస్యలను కూడ కొందరు కల్పించిరి. పావు అన్నారు గాని రంగు చెప్పలేదు గదా అని వారి పరిహాసము. నేటి నియమావళి అందుచేతనే ‘అదే రంగు పావు’ అని స్పష్టముగా పలుకుచున్నది. ఒకనాటి వేళాకోళము మరునాటి శాసనమున ఒక విశేషణమైనది.

ప్రపంచ ప్రసిద్ధులైన క్రీడాకారులును ఈ సందేహములకు అతీతులు కారు. 1974లో మాస్కోలో అనతోలీ కార్పోవ్‌తో పోటీపడుచు విక్టర్ కోర్చ్‌నోయ్ ఒకనాడు ఆట నడుమ లేచి మధ్యవర్తి యొద్దకు పోయి ఒక ప్రశ్న అడిగినాడు: “నా ఏనుగుపై దాడియున్నపుడు నేను కోట కట్టవచ్చునా?” కోట కట్టుట, అనగా కాస్లింగ్, బడిపిల్లలు మొదటి నెలలో నేర్చుకొను విషయము. ఎదుటివారు రాజునకు ‘చెక్’ చెప్పియుండగా కోట కట్టరాదు. శత్రువు దృష్టిలోనున్న గడి మీదుగా రాజు పోరాదు. ఈ నిషేధమంతయు రాజును గూర్చినదే. ఏనుగును గూర్చి సూత్రము ఏమియు అనలేదు. కోట కట్టవచ్చునని మధ్యవర్తి చెప్పినాడు. ప్రపంచపు అగ్రశ్రేణి క్రీడాకారుడు, అంత గొప్ప పోటీలో, నలుగురిలో చిన్నతనమగునని వెనుదీయక, తెలియనిదానిని అడిగి తెలుసుకొన్నాడు. తరగతిలో చేయెత్తుటకు సిగ్గుపడు విద్యార్థికి ఇంతకంటె మంచి కథ మరియొకటి యుండదు.

1924లో పారిస్ నగరమున స్థాపితమైన ప్రపంచ చదరంగ సమాఖ్య, ఫిడే, తన నియమావళికి పీఠికగా ఒక ఒప్పుకోలును వ్రాసికొన్నది. ఆటలో పుట్టగల పరిస్థితులన్నిటిని నియమములు ముందుగా ఊహింపలేవనియు, సూత్రము సరిగా చెప్పనిచోట దానిని పోలిన సందర్భములను పరిశీలించి నిర్ణయమునకు రావలెననియు దాని తాత్పర్యము. మరీ సూక్ష్మముగా వ్రాసిన నియమము మధ్యవర్తి వివేకమునకు సంకెల యగునని కూడ అందున్నది. ఇన్ని దేశములవారు ఆడు ఆటకే వివేకవంతుడైన మనుష్యుడు లేక గడవనపుడు, వసారాలోని పులిజూదమునకు గడచునా?

పావులను గడులలో గాక బల్లపై కొలతబద్దతో నడుపు యుద్ధక్రీడలలో ఈ సత్యము మరింత స్పష్టము. 1824లో ప్రష్యా సైన్యమున రైస్‌విట్జ్ అను అధికారి, పటముపై లోహపు దిమ్మెలను సేనలుగా నడిపి యుద్ధమును అభ్యసించు ఆటను ప్రవేశపెట్టినాడు. దాని నియమములు, పట్టికలు, పాచికల లెక్కలు చాల విస్తారము. 1876లో వెర్దీ దు వెర్న్వా అను సేనాని ఆ భారమును తొలగించి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి నిర్ణయమే చాలునన్నాడు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ఇంటి నేలపై బొమ్మ సిపాయిలతో ఆడు యుద్ధమునకు నియమములు వ్రాసి, పదాతి ఒక ఎత్తునకు ఒక అడుగు, ఆశ్వికుడు రెండడుగులు కదలవచ్చునన్నాడు. నేడు పలు దేశములలో పెద్దలు కూడ బొమ్మ సేనలతో ఇట్టి ఆటలే ఆడుచున్నారు. ఇట్టి ఆటలలో తరచు పుట్టు తగవు ఇది: అడుగు దూరమనగా బొమ్మ పీట ముందంచు నుండి ముందంచు వరకా, లేక ముందంచు నుండి వెనుకంచు వరకా? రెండవ విధముగా కొలిచినవానికి ఎత్తెత్తునకు ఒక పీట వెడల్పు ఉచితముగా లభించును. ‘అడుగు’ అను మాట ఆ రెంటిలో ఏదియో చెప్పదు. కాని కదిలినది బొమ్మ; కావున బొమ్మలోని ఏ భాగమును అడుగును మించి పోరాదని కొంచెము ఆలోచించిన తెలియును. ఏ అంచు నుండి కొలిచినామో ఆ అంచునకే కొలవవలెను. సూత్రమున లేని మాట ఇచట ఒక్కటియు చేర్చలేదు. ఉన్న మాటను దాని పనితో కలిపి చదివినామంతే.

ఇట్లు చదువు విద్య తెలుగు నేలకు క్రొత్తది కాదు. కాళిదాస కావ్యములకు సంజీవని వ్రాసిన కోలాచల మల్లినాథసూరి మెదకు సీమలోని కొల్చారమువాడు. మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని చెప్పననియు ఆయన తనకు తానే రెండు హద్దులు పెట్టుకొన్నాడు. కావ్యమునకు వ్యాఖ్యాత ఎట్టివాడో, ఆటకు మధ్యవర్తి అట్టివాడు. కోర్చ్‌నోయ్ ప్రశ్నకు వచ్చిన జవాబు మల్లినాథుని మొదటి హద్దునకు చక్కని ఉదాహరణము: రాజునకు చెప్పిన నిషేధమును ఏనుగునకు పొడిగించుట మూలమున లేనిదానిని వ్రాయుట.

మీమాంసకులు ఇంకను ముందునకు పోయి, సందేహము కలిగినపుడు ఏ ప్రమాణము బలవత్తరమో వరుస కట్టినారు. శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య అని ఆరు. ముందుది వెనుకదాని కంటె బలమైనది. స్పష్టముగా పలికిన మాట యున్నపుడు దానికి మించినది లేదు. అది తేల్చనిచోట పదము యొక్క శక్తిని, పదముల పొందికను, ఆ పైని సందర్భమును చూడవలెను. అన్నిటికంటె దుర్బలమైనది సమాఖ్య, అనగా ఉత్త పేరు. శకటు పేరును బట్టి దాని నడకను వాదించువాడు నవ్వులపాలగుటకు కారణమిదియే. వాడు ఆరవ ప్రమాణముతో మొదటిదానిని కొట్టవచ్చినాడు.

ఇపుడు వసారాకు మరలివత్తము. ‘పెట్టినంక’ అను మాట తేల్చలేదు; పొందికయు తేల్చలేదు. కాగా సందర్భమును, ఆట యొక్క ప్రయోజనమును చూడవలెను. పులులు మూడు, మేకలు పదిహేను. మేకలన్నియు పటముపైకి వచ్చి ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన తరువాత పులికి ఆహారము దొరకుట కష్టము. మేకలు ఒక్కొక్కటిగా దిగుచున్నపుడే పులికి అవకాశము. ఆ సమయమున మేకలవానికి రక్షణోపాయమొక్కటే: ఆపదలోనున్న మేక వెనుకటి చోటును మరియొక మేకతో మూసివేయుట. ఏ చోటు ముందు మూయవలెను, ఏ మేకను వదలుకొనవలెను అన్న ఆలోచనయే ఆ భాగమునకు ప్రాణము. మేకలను దించుచునే కదపవచ్చునన్నచో ఆ ఆలోచనకు పనిలేదు. భయమైనపుడెల్ల మేక ప్రక్కకు జరుగును. చేతిలోని గింజలు చేతిలోనే యుండును. పులి ఊరక తిరుగుచుండును. కావున పదిహేనింటిని పెట్టిన తరువాతనే నడుపవలెనన్న అర్థము ఆటను బ్రతికించును. రెండవ అర్థము ఆటలో సగమును చంపును. రెండర్థములు పొసగుచోట ఆటను బ్రతికించుదానినే గ్రహింపవలెను. బాలిక చెప్పినదే సరి.

కాని తీర్పు ఇంతటితో ముగియలేదు. బాలుని మాట యేమి? వాడు దొంగ కాడు. సందేహము వేరు, వంచన వేరు. పిల్లల మనస్సులలో ఈ భేదమును నాటుటయే ఉపాధ్యాయుని అసలు పని. ఈ రెంటిని వేరుపరచుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. తావులు మార్చి అడుగవలెను: “నాయనా, నీవు పులులవైపు కూర్చున్నచో, ఎదుటివాడు ఇట్లే మేకను జరిపినచో, ఒప్పుకొందువా?” ఒప్పుకొందునని నిజముగా చెప్పగలవాడు సందేహముతో ఆడినవాడు, వాని ఎత్తును వెనుకకు తీసికొననిచ్చి, క్రొత్త గింజ పెట్టించి ఆట సాగింపవలెను. తావు మారగానే అర్థమును మార్చువాడు సూత్రమును చదువుట లేదు. తన లాభమును చదువుచున్నాడు. ఇది పిల్లలకే కాదు. పొలము గట్టు తగవులో అన్నదమ్ములకును, ఒప్పందపు పత్రము చదువు వర్తకునకును, చట్టమును వివరించు పాలకునకును ఇదే గీటురాయి.

కొందరిట్లనవచ్చును: “ఇన్ని చిక్కులేల? పులిజూదమునకును, అష్టాచెమ్మకును, వామనగుంటలకును ఒక్కొక్క నియమావళి అచ్చువేసి బడులన్నిటికి పంపిన చాలదా?” ఈ మాట పైకి మేలుగా తోచును. కాని అష్టాచెమ్మలో ఎదుటివాని కాయ నొక్కటైనను కొట్టినగాని లోపలి గడులలోనికి పోరాదని కొన్ని యిండ్ల కట్టుబాటు. మరికొన్ని యిండ్లలో అట్టి అడ్డు లేదు. ఇవి తప్పొప్పులు కావు. తెలంగాణపు ‘పెట్టినంక’యు, కోస్తా ‘పెట్టాక’యు ఎట్లు రెండును తెలుగే యగునో, ఇవియు అట్లే. మీర్ సుల్తాన్ ఖాన్ కథ ఇందుకు నిదర్శనము. పంజాబులో పుట్టిన ఆయన మొదట మన దేశపు పాత పద్ధతినే నేర్చినాడు. అందు బంటు తొలి ఎత్తుననైనను ఒక్క గడియే కదలును. రాజు కోట కట్టుటకు మారుగా ఒక్కమారు గుర్రపు నడక నడువవచ్చును. అట్లు పెరిగినవాడు ఇంగ్లండునకు పోయి, అచ్చటి నియమములతో ఆడి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ ఛాంపియన్‌గా నిలిచినాడు. 1966లో ఆయన మరణించగా, 2024లో ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదమిచ్చినది. ఇంటి పద్ధతి ఆయనకు అడ్డు రాలేదు. ఏ పలక ముందు కూర్చున్నపుడు ఆ పలక నియమమును పాటించుటయే ఆయన చేసినది. ఆ 2024లోనే బుడాపెస్టు ఒలింపియాడ్‌లో స్వర్ణము గెలిచిన భారత జట్లలో మన అర్జున్ ఎరిగైసి, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక యుండిరి. ప్రపంచమంతట ఒకే నియమముతో ఆడు ఆటకు అచ్చుపుస్తకము అవసరమే. అరుగుల మీది ఆటలకు కావలసినది పుస్తకము కాదు; ఆట ఆరంభమునకు ముందు జరుగు ఒప్పందము. భిన్నత్వము దోషము కాదు; ఆట నడుమ మార్చుట దోషము.

మరికొందరు “ఆటకింత శాస్త్రమా?” అని చప్పరించవచ్చును. వారు సభాపర్వమును ఒక్కమారు తలచుకొనవలెను. ధర్మరాజు మొదట తన్ను తాను ఓడి, ఆ పిమ్మట ద్రౌపదిని పణముగా ఒడ్డినాడు. తన్ను ఓడినవానికి ఇతరులను ఒడ్డు అధికారమున్నదా? ద్రౌపది నిండుసభలో అడిగిన ప్రశ్న ఇదియే. అది ఆట నియమమునకు సంబంధించిన ప్రశ్న. అంతకుమునుపు ఎవరును ఊహింపని సందర్భము. సూత్రము మౌనము వహించిన చోటు. ధర్మము సూక్ష్మమైనదని, తేల్చి చెప్పజాలనని భీష్ముడంతటివాడు తప్పుకొన్నాడు. విదురుడు సభవారిని జవాబు చెప్పుమని హెచ్చరించినాడు. చిన్నవాడైన వికర్ణుడు లేచి న్యాయమును పలికినాడు. కర్ణుడు వానిని గద్దించి కూర్చుండబెట్టినాడు. తక్కిన పెద్దలు నోరు మెదపలేదు. ఆ మౌనమునకు వెల కురుక్షేత్రము. నియమము అస్పష్టముగా నుండుట నేరము కాదు. ఏ నియమమైనను ఎక్కడనో ఒకచోట అస్పష్టమే. అస్పష్టమైన చోట తెలిసినవారు పలుకక పోవుటయే నేరము.

వసారాలో “సారూ, మీరే చెప్పుండ్రి” అని అడిగిన పిల్లలు ద్రౌపది ప్రశ్నకు చిన్న రూపమునే అడుగుచున్నారు. “ఆటేగద” అని వెళ్లిపోవు ఉపాధ్యాయుడు తెలియకయే ఆ సభలోని పెద్దల ప్రక్కన కూర్చుండుచున్నాడు.

చేయవలసినది కష్టమైనది కాదు. ఆట మొదలుపెట్టకముందు పిల్లలచేత నాలుగు ప్రశ్నలు అడిగించవలెను: మేకలు ఎపుడు కదలును? పులి ఒక ఎత్తున ఒక మేకనే తినవచ్చునా? ఎన్ని మేకలు చచ్చిన పులి గెలిచినట్లు? తినుటకు అవకాశమున్నపుడు తినక తప్పదా? ముందుగా ఊహింపని సందేహము నడుమ వచ్చినచో, ఆ తీర్పు వలన లాభమును నష్టమును లేనివాడు తీర్పరి కావలెను. వాడు తీర్పును మాత్రమే కాక కారణమును కూడ చెప్పవలెను; కారణము చెప్పని తీర్పు బెత్తముతో సమానము. పిమ్మట ఆ తీర్పును తరగతిలోని ఒక పాత నోటుపుస్తకమున వ్రాయించవలెను. మరునాడు అట్టి తగవే వచ్చినచో పిల్లలు పుస్తకము తెరచి చూతురు. నచ్చనిచో కారణముతో వాదింతురు. ఆ తీర్పును మార్చినచో మార్పు తరువాతి ఆట నుండి వర్తించును గాని, నడుచుచున్న ఆటకు కాదు. ఒక సంవత్సరము ఇట్లు సాగినచో ఆ నోటుపుస్తకము వారు స్వయముగా వ్రాసికొన్న ధర్మశాస్త్రమగును. వ్యాకరణ పాఠమున బహువచనమునకు రెండర్థములు గలవని చెప్పినపుడు ఆ తరగతిలో ఎవరికిని అది క్రొత్తగా తోచదు.

గంట కొట్టినారు. గచ్చుపై పటము అట్లే యున్నది. బాలుడు జరిపిన మేకను వెనుకకు తెచ్చి, చేతిలోని నాలుగింటిలో ఒక గింజను దాని వెనుకటి చోటున పెట్టినాడు. పులికి దారి మూసికొనిపోయినది. కాపాడదగిన మేకను కాపాడుటకు న్యాయమైన మార్గము మొదటినుండియు ఉన్నదని వానికి అపుడు తెలిసినది. రేపటి మధ్యాహ్నము ఆట అచ్చటినుండియే సాగును.